తాతయ్య 1958లో కొన్న పెంకుటిల్లు అంతకు ముందు ఎవరిది? 1983 కంటే వెనక్కి ఎలా వెతకాలి?

పేరాల మనవరాలు (ప్రశ్న)

నమస్కారమండీ. చీరాలలో, పేరాల వైపు, మా అమ్మ పుట్టిల్లు ఉంది. మండువా పెంకుటిల్లు. మా తాతయ్య 1958లో కొన్నారు. ఆయన పోయాక 1987లో అమ్మా, పెద్దమ్మా భాగపరిష్కారం రిజిస్టరు చేయించుకున్నారు, ఇల్లు అమ్మ వాటాకి వచ్చింది. ఇప్పుడు పెంకు దింపి, పుచ్చిన దూలాలు మార్పించాలి. దానికి లోను అడిగితే, బ్యాంకు తరఫు లాయరు గారు 1958 దస్తావేజు చదివి "అసలు అమ్మినావిడకి అమ్మే హక్కు ఉందా?" అని ఫైలు పక్కన పెట్టారు.

దస్తావేజులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "నా భర్తగారి మరణానంతరం నా మరిదిగారు నా మనోవర్తి నిమిత్తం 1941 సంవత్సరములో నాకు వ్రాసియిచ్చి, నా జీవితాంతము అనుభవించునటుల నాకు స్వాధీనపరచగా, నాటినుండి నా స్వాధీనానుభవములో యున్న పెంకుటిల్లు..." ధర రూ. 2,400. కొలత 350 చదరపు గజాలు. తూర్పున ఒకరి గోడ, పడమర ఉమ్మడి గోడ, దక్షిణం రస్తా, ఉత్తరం మురుగు కాలువ. అంతే.

ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీస్తే 1983 నుంచే వస్తోంది. అందులో 1987 భాగపరిష్కారం తప్ప ఇంకేం లేదు.

తాతయ్య ట్రంకు పెట్టెలో ఇంకో పాత కాగితం దొరికింది. స్టాంపు కాగితం, దాని మీద గడ్డం ఉన్న రాజు బొమ్మ. పై మూల చెదలు తినేసింది, కింద కొస చిరిగిపోయింది. మధ్యలో చదవగలిగింది: "శుక్ల నామ సంవత్సర మాఘ బహుళ పంచమి", "మేమిరువురు సోదరులము", "ఆరువందల రూపాయలు", "స్వాధీన తనఖా". ఇంగ్లీషు తేదీ చెదలు తిన్న మూలలో పోయింది. ఆ అన్నదమ్ముల ఇంటిపేరు, 1958లో అమ్మినావిడ ఇంటిపేరు ఒకటే. కానీ మా ఇల్లు తాకట్టులో ఉండేదా, అది తీరిందా అని అమ్మ కంగారు పడుతోంది.

వీధి గుమ్మం పైన చెక్కలో "శ్రీరామ 1912" అని, పక్కన రెండు పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. అవి మా ఇంటిపేరువి కావు.

పెద్దమ్మ మాత్రం ఇంకో కథ చెబుతుంది. 1921లో జనం ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయినప్పుడు మొదటివాళ్ళు ఈ ఇంటిని వచ్చినకాడికి అమ్ముకున్నారట. ఆవిడ అంత గట్టిగా చెబుతుంటే కాదనలేక ఊరుకుంటున్నాం.

లోను సంగతి ఎలా ఉన్నా, ఈ ఇల్లు ఎవరు కట్టారో, ఎవరి చేతుల్లోంచి మా దాకా వచ్చిందో తెలుసుకోవాలని ఉంది. 1983 వెనక్కి వెళ్ళే దారి ఎవరైనా చెప్పగలరా?

పాత కలం

అమ్మా, నేను దస్తావేజు లేఖరిగా చేసి విరమించుకున్నవాణ్ణి. మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే చాలా ఉంది. ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు ఆ చిరిగిన కాగితం. శుక్ల నామ సంవత్సరం అరవై ఏళ్ళకోసారి వస్తుంది: 1869-70, 1929-30, 1989-90. విక్టోరియా రాణికి గడ్డం ఉండదు కాబట్టి మొదటిది కాదు. 1989లో రాజు బొమ్మ స్టాంపే లేదు. మిగిలింది 1929-30. గడ్డం ఉన్నాయన ఐదో జార్జి, 1910 నుంచి 1936 దాకా ఆయన బొమ్మే. ఆరో జార్జికి గడ్డం లేదు. ఇక ఇక్కడ చాలామంది పొరబడతారు. శుక్ల 1929 ఉగాదితో మొదలైందని 1929 పుస్తకాలు తిరగేస్తారు. మాఘం సంవత్సరం చివర కదా వచ్చేది, అప్పటికి జనవరి దాటిపోతుంది. మీ మాఘ బహుళ పంచమి 1930 ఫిబ్రవరి మూడో వారంలో పడుతుంది. రాసిన నాటి నుంచి నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషనుకి దాఖలు చెయ్యొచ్చు. అందుకని 1930 ఫిబ్రవరి నుంచి జూన్ చివరి దాకా వెతికించండి.

తాకట్టు తీరిందా అన్న కంగారు వద్దు. తనఖా దస్తావేజు అప్పిచ్చినవాడి దగ్గర ఉంటుంది. బాకీ తీరితేనే అది తిరిగి ఇంటివాళ్ళ చేతికి వస్తుంది. ఆ అసలు కాగితం ఇల్లు అమ్మినావిడ దగ్గర ఉండి, పాత కాగితాలతో పాటు మీ తాతగారికి చేరిందంటే బాకీ తీరినట్టే. కింద కొస చిరిగిపోయిందని రాశారు. పోయిందో, చించారో చూడండి. బాకీ ముట్టాక సంతకాలున్న కొస చించి ఇవ్వడం మా వైపు పాత అలవాటు. కాగితం వెనక్కి తిప్పి, పగటి వెలుతుర్లో ఏటవాలుగా పట్టుకుని చూడండి, చెల్లు రాసి ఉండొచ్చు. అలా తనఖా మీదే రాసిన చెల్లుకి రిజిస్ట్రేషను అక్కర్లేదని చట్టంలోనే ఉంది. కాబట్టి ఈసీలో తనఖా కనబడి, తీరినట్టు కనబడకపోతే బెదిరిపోకండి.

ఇప్పుడు 1983 వెనక్కి. మన వైపు రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లోకి ఎక్కడం 1998లో మొదలైంది. ఈసీకి కావలసిన వివరాలు మాత్రం 1983 దాకా వెనక్కి వెళ్ళి ఎక్కించారు. అంతకు ముందుదంతా పుస్తకాల్లోనే. ఇప్పుడున్న రిజిస్ట్రేషను చట్టం 1908ది, దానికి ముందు 1864 నుంచీ చట్టాలున్నాయి. స్థిరాస్తి దస్తావేజులన్నీ ఒకటో పుస్తకంలో ఎక్కిస్తారు. దానికి రెండు సూచికలు: ఒకటోది మనుషుల పేర్ల మీద, రెండోది ఆస్తి ఉన్న ఊరి మీద. ఒకటో పుస్తకాన్నీ దాని సూచికల్నీ ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. 57వ సెక్షను. సొంతదారే కానక్కర్లేదు. వీలునామాలు మూడో పుస్తకం, వాటి నకలు రాసినవాళ్ళు బతికుండగా ఇతరులకి ఇవ్వరు, పోయాక ఎవరడిగినా ఇస్తారు.

దరఖాస్తులో "ఫలానా డోరు నంబరు" అని రాస్తే పని కాదు. 1958కి ముందు నంబరు వేరు, అంతకు ముందు నంబరే ఉండదు. అమ్మినావిడ ఇంటిపేరు, ఆవిడ భర్త పేరు, మరిది పేరు ఇచ్చి పేర్ల సూచిక మీద వెతికించండి. 1941 మనోవర్తి దస్తావేజు పట్టుకోండి ముందు. అది దొరికితే అందులో వెనకటి దస్తావేజు నంబరు రాసి ఉంటుంది, దాని నుంచి ఇంకో మెట్టు. ఎప్పుడూ పైనుంచి కిందికే దిగాలి.

ఆఫీసు విషయంలో ఇంకో జాగ్రత్త. మీ ఊరు 1904 దాకా కృష్ణా జిల్లా, తర్వాత గుంటూరు, 1970 ఫిబ్రవరి నుంచి ఒంగోలు జిల్లా, దానికే 1972లో ప్రకాశం అని పేరు, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. ఇల్లు కదల్లేదు గానీ కాగితాల మీది జిల్లా ఇన్నిసార్లు మారింది. ఆ ఏడాది మీ వీధి ఏ సబ్ రిజిస్ట్రారు పరిధిలో ఉండేదో దస్తావేజు వెనక ముద్రలో ఉంటుంది. గుండ్రటి ముద్ర, దాని పక్కనే పుస్తకం, వాల్యూం, పేజీలు, నంబరు. ముందువైపు కంటే వెనకవైపే ముఖ్యం మా వృత్తిలో.

పెద్దమ్మగారి కథ. చీరాలనీ పేరాలనీ కలిపి మున్సిపాలిటీ చేస్తే ఆ పన్నులు మేం కట్టలేమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట జనం ఇళ్ళు వదిలి, ఊరి బయట రామనగరం వేసుకుని పాకల్లో ఉన్నారు. దాదాపు పదకొండు నెలలు. తర్వాత తిరిగొచ్చారు. తాళం వేసి వెళ్ళినంత మాత్రాన ఇల్లు అమ్మినట్టు కాదు. అమ్మి ఉంటే, నూరు రూపాయలూ ఆపై విలువున్న అమ్మకం రిజిస్టరు కాకుండా చెల్లదు కాబట్టి, 1921, 22 సూచికల్లో పేరు దొరకాలి. ఎలాగూ వెతికిస్తున్నారు, ఆ రెండేళ్ళూ కలపండి. పెద్దవాళ్ళ మాటల్లో సంవత్సరం సరిగ్గా ఉంటుంది, జరిగింది మాత్రం కాస్త అటూ ఇటూ అవుతుంది.

నల్లకోటు

హక్కు సంగతి వరకే చెబుతాను.

1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. 14(1) సెక్షను ప్రకారం ఆ నాటికి హిందూ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమె సంపూర్ణ హక్కుదారు. మనోవర్తి కింద వచ్చిన ఆస్తి కూడా ఇందులోకే వస్తుందని ఆ సెక్షను వివరణలోనే ఉంది. మీ బ్యాంకు లాయరు గారు పట్టుకున్నది 14(2): దస్తావేజులోనే "జీవితాంతం మాత్రమే" అని పరిమితి పెడితే అంతవరకే హక్కు. ఈ రెంటి మధ్య తగవు మన తెలుగువారి కేసులోనే తేలింది. తులసమ్మ వర్సెస్ శేషారెడ్డి, సుప్రీంకోర్టు, 1977. ఆవిడా వితంతువే, ఆవిడకీ మనోవర్తి కిందే జీవితాంతం అనుభవించమని ఆస్తి ఇచ్చారు. మనోవర్తి హక్కు ముందు నుంచీ ఉన్నది, దస్తావేజు దాన్ని కొత్తగా పుట్టించలేదు, కాబట్టి 14(1) వర్తిస్తుంది, ఆవిడ పూర్తి హక్కుదారు అని తీర్పు.

మీ విక్రేత 1956లో ఇంట్లో ఉన్నారు, 1958లో అమ్మారు. అదే అమ్మకం 1955లో జరిగి ఉంటే నేనింత ధీమాగా రాసేవాణ్ణి కాదు.

రెండు ప్రశ్నలు. ఆవిడ భర్త ఏ ఏడు పోయారు? 1937 ఏప్రిల్ తర్వాతైతే, ఆ ఏడు వచ్చిన చట్టం వల్ల ఆవిడకి ఉమ్మడి ఆస్తిలో భర్త వాటాయే పరిమిత హక్కుగా వచ్చి ఉండాలి, అప్పుడు లెక్క ఇంకో దారిన వెళ్ళి అక్కడికే చేరుతుంది. ఆవిడ ఎప్పుడు పోయారు? అమ్మకం చెల్లదని మరిది సంతతి ఎవరైనా దావా వెయ్యాలంటే ఆవిడ పోయిన నాటి నుంచి పన్నెండేళ్ళే గడువు.

2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ 14(1), 14(2) చిక్కునే మరోసారి పెద్ద బెంచికి నివేదించింది. మీ లాయరు గారి జంకు అందువల్ల కావచ్చు. కానీ గడువు ఎప్పుడో దాటిపోయిన కేసుకి దానితో పెద్దగా పని పడదు. 1941 నకలు వచ్చాక దాని మీద రాతపూర్వకంగా అభిప్రాయం అడగండి, నోటి మాట తీసుకోకండి.

ఓరుగల్లు పిలగాడు

నడుమల వస్తున్న, ఏమనుకోకుండ్రి. మాది వరంగల్ దిక్కు. మా తాత కాలపు ఇంటి కాగితం ఉర్దూల ఉంది, పైసలేమో హాలీ సిక్కా అని రాసిండ్రట. మాకు గిదే తీర్గ నడుస్తదా సార్?

పాత కలం

బాబూ, సూచికలూ నకళ్ళూ అడిగే తీరు ఒకటే. కానీ నిజాం నాటి కాగితానికి ముందు ఉర్దూ దస్తావేజులు చదివి అలవాటున్న పెద్దమనిషి కావాలి. ఉత్త ఉర్దూ వస్తే చాలదు, ఆ గొలుసుకట్టు రాత వేరు. తేదీ ఫస్లీలో, అంటే పాత శిస్తు లెక్కల సంవత్సరంలో, ఉంటే దాన్ని మార్చుకోవాలి, మీ ఫస్లీ నెలలూ మద్రాసు వైపు ఫస్లీ నెలలూ ఒకటి కావు. వేరే ప్రశ్నగా పెట్టు, మీ వైపువాళ్ళు ఎవరైనా చెబుతారు.

పేరాల మనవరాలు

మాస్టారూ, నల్లకోటు గారూ, నకళ్ళు వచ్చాయి. మీరు చెప్పినట్టే పేర్ల మీద వెతికించాం. అక్కడ సూచిక తిప్పినాయన ఎంతో ఓపికగా చూసి పెట్టారు.

ముందు తనఖా. కాగితం వెనక, వెలుతుర్లో ఏటవాలుగా పడితే, సన్నటి వంకాయరంగు సిరాలో ఒక వరుస కనబడింది: "అసలు వడ్డీ యావత్తు ముట్టినది". కింద సంతకం సగం. మిగతా సగం ఆ చిరిగిన కొసతో పోయింది. అంటే చించి ఇచ్చిందే. అమ్మ ఆ రాత్రి హాయిగా పడుకుంది.

1941 దస్తావేజు దొరికింది. ఆవిడ భర్త 1935లో పోయారని అందులో ఉంది. మరిదిగారు రాసింది చదువుతుంటే ఆశ్చర్యం వేసింది. ఇల్లే కాదు, "యింటిలోని ఇత్తడి సామాను, రోలు, తిరుగలి, పట్టెమంచము సహా" ఇచ్చారు. ఆ పట్టెమంచం 1958 దస్తావేజులో లేదు. పెద్దమ్మ చెప్పడం, ఆవిడ ఇల్లు అమ్మి అక్కగారి ఊరు వెళ్ళిపోతూ మంచం బండి మీద వేసుకుపోయిందట. ఆవిడ 1972లో పోయారు, అది మా వాళ్ళకి బాగా తెలుసు, తాతయ్య కర్మకి వెళ్ళారు.

1941లో చెప్పిన వెనకటి నంబరు పట్టుకుని దిగితే 1911 విక్రయ దస్తావేజు దగ్గర ఆగింది. ఆ అన్నదమ్ముల తండ్రి కొన్నారు. అప్పటికి ఇల్లు లేదు. "ఖాళీ నివేశన స్థలము య. 0-10 సెంట్లు." కొన్న మరుసటేడు కట్టారన్నమాట. గుమ్మం మీది పొడి అక్షరాలు ఆయన ఇంటిపేరూ పేరూ. నాలుగు హద్దుల్లో ఉత్తరం కాలువ, దక్షిణం రస్తా ఇప్పటివే. తూర్పు "ఫలానా వారి దొడ్డి" అని ఉంది. 1930 తనఖా నకలు కూడా వచ్చింది, అందులో తూర్పు హద్దు "ఫలానా వారు మా తండ్రి వద్ద క్రయము పొందిన స్థలము".

1921లో మాత్రం ఆ పేరు మీద ఏ అమ్మకమూ లేదన్నారు. 1922 పుస్తకం బైండింగుకి వెళ్ళిందట, చూడలేదు. పెద్దమ్మకి ఇంకా చెప్పలేదు.

పాత కలం

పెద్దమ్మగారికి అప్పుడే చెప్పకండి.

పది సెంట్లంటే ఎన్ని గజాలు? సెంటుకి 48.4 చొప్పున 484 చదరపు గజాలు. మీ తాతగారు కొన్నది 350. మిగతా 134 ఎక్కడికి పోయాయి? 1958లో కొలత తప్పు పడిందనుకోవచ్చు, పాత దస్తావేజుల్లో కొలతలు అంతంతమాత్రమే. కానీ తూర్పు హద్దు చూడండి. 1911లో పొరుగువారి దొడ్డి. 1930లో, కొడుకులు రాస్తూ, "మా తండ్రి వద్ద క్రయము పొందిన స్థలము" అన్నారు. అంటే ఈ రెంటి మధ్య ఆ తండ్రి తూర్పు వైపు ముక్క కోసి అమ్మాడు. కొలతలో లోటూ, హద్దులో మార్పూ ఒకే పక్క చూపిస్తున్నాయి. కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్ళకి నేను చెప్పేది ఇదే: దస్తావేజులో సొంతదారు తన గురించి ఏమన్నా రాయించుకోవచ్చు, హద్దుల దగ్గర మాత్రం పక్కవాడి సంగతి రాయక తప్పదు. ఆ హద్దులే ముందు చదవండి. అష్టభోగ స్వామ్యములు, నిధి నిక్షేపములు, పుత్రపౌత్ర పారంపర్యము అన్నవి ఎవరి దస్తావేజులోనైనా ఉంటాయి, అవి దాటేయొచ్చు.

అమ్మకం 1911కీ 1930కీ మధ్య ఎప్పుడైనా కావచ్చు. చూడంది 1922 పుస్తకం కాబట్టి, పెద్దమ్మగారి మాట కూడా అటే ఉంది కాబట్టి, అది బైండింగు నుంచి రాగానే మళ్ళీ అడగండి. ఈసారి తూర్పు పొరుగువారి ఇంటిపేరు మీద కూడా చూడమనండి. పేర్ల సూచికలో రాసిచ్చినవాళ్ళ పేరూ, రాయించుకున్నవాళ్ళ పేరూ రెండూ ఎక్కుతాయి. ఒక పేరు అక్షరం తప్పు పడినా రెండోది దొరుకుతుంది.

నల్లకోటు

భర్త 1935లో పోయారు గనక 1937 చట్టం ప్రసక్తి లేదు. మరిదికి ఉత్తరజీవిత్వం కింద (ఉమ్మడి కుటుంబంలో పోయినవారి వాటా బతికున్న మగవాళ్ళకి చేరడం) ఆస్తి, ఆవిడకి అందులోంచి మనోవర్తి హక్కు. 1941 దస్తావేజు ఆ హక్కుకి బదులుగా ఇచ్చినదని అందులోనే రాసి ఉంటే తులసమ్మ కేసు మీకు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. ఆవిడ పోయింది 1972, గడువు 1984తో సరి. నకళ్ళు మూడూ జత చేసి అభిప్రాయం అడగండి.

ఒక చిన్న సలహా, అడక్కపోయినా. అమ్మగారి పేర పన్ను రసీదు ఉంటే అదే హక్కు పత్రం అనుకునేవాళ్ళు చాలామంది. పన్ను రిజిస్టరులో పేరు పన్ను వసూలుకి మాత్రమే. బ్యాంకువాళ్ళు అడుగుతారు, ఇవ్వండి, దాని మీద ఆధారపడకండి.

పేరాల మనవరాలు

దొరికింది మాస్టారూ! 1922. తూర్పు పొరుగువారి పేరు మీదే దొరికింది. ఇల్లు కట్టినాయన ఇంటిపేరులో "కొ"కి "కో" పడి సూచికలో వేరే చోట ఉందట.

"దొడ్డి స్థలము 134 చదరపు గజములు." కారణం "కుటుంబ ఖర్చుల నిమిత్తము". ఇది చూడగానే పెద్దమ్మ "చెప్పానా, రామనగరం నుంచి వచ్చాక చేతిలో డబ్బులేక అమ్మారు" అంటోంది.

నన్ను ఆపేసింది ఆ తర్వాతి వాక్యం: "సదరు దొడ్డిలోని నూతిలో మేమున్ను మా వారసులున్ను తూర్పు గోడలోని దిడ్డి గుమ్మము ద్వారా పోయి నీరు తోడుకొనుటకు హక్కు గలదు." మా వంటింటి వెనక తూర్పు గోడలో ఒక చోట ఇటుకలు వేరే రంగులో, నడుము వంచి దూరేంత ఎత్తులో, పైన చిన్న చెక్కతో ఉంటాయి. దేవుడి గూడు పూడ్చేశారని మా అమ్మ ఇన్నాళ్ళూ అనుకుంది. నేను టేపు పెట్టి కొలిచాను, రెండడుగుల వెడల్పు.

లాయరు గారు అభిప్రాయం రాసిచ్చారు, ఫైలు కదిలింది. ఒక్క అనుమానం: ఆ నూతి హక్కు మాకు ఇప్పటికీ ఉందా? పక్కవాళ్ళు అక్కడ గదులు కట్టేశారు, నుయ్యి పూడ్చి ఎన్నేళ్ళయిందో.

నల్లకోటు

లేదనే అనుకోండి. దారి హక్కు ఇరవై ఏళ్ళు ఎడతెగకుండా వాడకపోతే పోతుందని 1882 ఈజ్‌మెంట్ల చట్టంలో ఉంది. అదీగాక నుయ్యే లేదు. దయచేసి ఈ 1922 నకలు పట్టుకుని పక్కింటికి వెళ్ళకండి. లోను వచ్చేముందు తగవు అక్కర్లేదు.

పాత కలం

ఆయన చెప్పింది విను తల్లీ.

"కుటుంబ ఖర్చుల నిమిత్తము" మీద మాత్రం కథ కట్టకండి. ఉమ్మడి ఆస్తిని తండ్రి అమ్మితే రేపు కొడుకులు ఎదురు తిరక్కుండా మేము ప్రతి దస్తావేజులోనూ రాసే మాట అది. ఆడపిల్ల పెళ్ళికి అమ్మినా అదే, పొగాకు వ్యాపారంలో పోయినా అదే. రామనగరం వల్లే అమ్మారని ఆ కాగితం చెప్పడం లేదు, కాదనీ చెప్పడం లేదు. నిజంగా తేల్చుకోవాలని ఉంటే వేటపాలెం దగ్గరే కదా, సారస్వత నికేతనంలో ఆ నాటి పత్రికలు భద్రంగా ఉన్నాయి. మీ ఇంటి సంగతి వాటిలో దొరక్కపోయినా, ఆ ఏడాది మీ వీధిలో ఏం జరిగిందో తెలుస్తుంది.

పైకప్పు విప్పేటప్పుడు మేస్త్రీకి ముందే చెప్పండి: గుమ్మం పైచెక్క జోలికి పోవద్దని, దూలాల మీద ఏమన్నా చెక్కి ఉంటే ఫోటో తీశాకే దింపమని. 1930 తనఖా నకల్లో ఇంటి వర్ణన ఉంటుంది చూడండి, ఎన్ని దూలాలు, ఎన్ని గదులు, మండువా ఎటు అని. ఇప్పటి ఇంటితో పోలిస్తే తర్వాత ఏం కలిపారో తేలిపోతుంది.

ఓరుగల్లు పిలగాడు

సార్, మాది వేరే ప్రశ్న పెట్టిన. కాగితం ఫోటో కూడ పెట్టిన. జర చూడుండ్రి.

పాత కలం

చూశాను బాబూ. ఫోటో తలకిందులుగా ఉంది. తిప్పి మళ్ళీ పెట్టు, వెనకవైపు కూడా.